ద్రాక్షతొక్క మందుకు బేరం

మా ఇంట్లో అందరూ అంగడివాళ్లే. నాయనది ఆళ్లగడ్డలో కిరాణం, చిన్నాయనది ఎరువులు, మేనమామది బట్టలు. నేనొక్కణ్ణే ఫార్మసీ డిప్లొమా చదివి, తొంభైల మధ్యలో నంద్యాలలో మందుల అంగడి పెట్టుకున్నాను. చదువుకున్నానని ఇంట్లో కొంచెం గౌరవం ఉండేది గాని, బేరం విషయంలో నన్నెవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. ఆ కసితోనేమో, ఎక్కడ బేరం దొరికినా వదిలేవాణ్ణి కాను. బనగానపల్లె మామిడిపళ్ల గంప కొన్నా, పెళ్లికి మేళం మాట్లాడినా ఆఖరి మాట నాదే కావాలి. ధర దిగిందంటే చాలు, అక్కరలేని వస్తువు కూడా అక్కరగా కనిపించడం నాకున్న జబ్బు. దానికి నా అంగట్లో మందు లేదు.

మా వైపు బేరం ముగియడానికి ఒక పద్ధతుంది. కొనేవాడు ఆఖరి మాట అంటాడు. అమ్మేవాడు ఔననడు, కాదనడు. ముఖం పక్కకు తిప్పుకొని సరుకును కాగితంలో చుట్టడం మొదలుపెడతాడు. అంతే, ఒప్పుకున్నట్టు. నోటితో సరే అన్నామంటే, ఇంకొంచెం తగ్గించి అడిగుంటే బాగుండేదని కొన్నవాడు ఇంటికి పోయేదాకా బాధపడతాడని మా నాయన సిద్ధాంతం. "నోరు మూసుకో, పొట్లం కట్టు" అన్నదే ఆయన నాకు నేర్పిన వ్యాపారం మొత్తం.

ఈ పద్ధతి నాకంటే బాగా తెలిసిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆళ్లగడ్డలో మా నాయన అంగడికి నాలుగిండ్ల అవతల రాతి విగ్రహాలు చెక్కే కొట్టం ఆయనది. చుట్టరికం ఏమీ లేదు, అయినా చిన్నప్పటినుంచి నేను ఆయన్ను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. డెబ్బై దాటినా రోజూ ఉలి పట్టేవాడు. నెలకొకసారి మందుల కోసం బస్సెక్కి నంద్యాలకు వచ్చేవాడు. ఆళ్లగడ్డలో మందుల అంగళ్లు లేక కాదు, నా దగ్గరైతే తగ్గించుకోవచ్చని. నేను తగ్గించేదానికంటే బస్సు చార్జీలే ఎక్కువయ్యేవి. ఒకసారి ఆ మాట అన్నాను.

"బస్సోడు తగ్గియ్యడప్పా. నువ్వు తగ్గిస్తావు. యాడ గెలుస్తామో ఆడికే పోవల్ల" అన్నాడు.

ఆయనకు పొద్దున పూట మూడు బిళ్ళలు. బీపీకి తెల్లది, చక్కెరకు ఒకటి, కడుపులో మంటకు ఒకటి. మూడుకు మించి మింగనని ఆయన నియమం. ఒకసారి జ్వరానికి డాక్టరు ఇంకో రెండు రాస్తే, జ్వరం తగ్గేదాకా చక్కెర బిళ్ళను, మంట బిళ్ళను పక్కన పెట్టాడు. నాకు తెలిసి తిట్టాను. "కడుపా, గోనెసంచా? ఎన్నని ఎయ్యల్ల?" అన్నాడు. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. నేను గుర్తుంచుకున్నాను కూడా, అదే వచ్చిన చిక్కు.

రెండువేల ఏడో ఎనిమిదో. ఒక మధ్యాహ్నం కర్నూలునుంచి ఒక ఏజెంటు వచ్చాడు. మెడకు టై, చంకలో బ్యాగు, ముఖమంతా చెమట. ఎర్రటి గుళికలున్న డబ్బా బల్లమీద పెట్టి, "ఇది మందు కాదన్నా, అణువు" అన్నాడు.

"అణువును డబ్బాలో పోసి ఎట్ల అమ్ముతాండావప్పా?"

నవ్వలేదు. ఎర్రద్రాక్ష తొక్కలో ఉండే చిన్న అణువట, పేరు రెస్వెరట్రాల్. మన కణాల్లో సర్టుయిన్లనే ఎంజైములు ఉంటాయట. తిండి తగ్గినప్పుడు అవి లేచి, పాడైనవాటిని బాగుచేసి, ఉన్నదాన్ని పొదుపుగా వాడతాయట. ఈ అణువు లోపలికి పోయి, కడుపు మాడ్చుకోకుండానే వాటిని తట్టి లేపుతుందట.

నాకిది పూర్తిగా కొత్త కాదు. పేపర్ల ఆరోగ్యం పేజీలో అంతకుముందే చదివాను. ఈస్టు కణాలు ఎక్కువకాలం బతికాయని, కొవ్వు తిండి పెట్టిన ఎలుకలు దీనివల్ల బాగున్నాయని రాశారు. ఎంజైమంటే ఏమిటో డిప్లొమాలో చదివినవాణ్ణే. పుస్తకంలో తాళమూ తాళంచెవీ బొమ్మ ఉండేది. కాని నాకు అర్థమైంది మాత్రం మా నాయన అంగడి ద్వారానే. పంటలు పండిన ఏడు మా అంగట్లో ఎవరికీ ఊపిరాడేది కాదు. చినిగిన సంచి చినిగినట్టే, విరిగిన అర విరిగినట్టే ఉండేది. వాన తప్పిన ఏడు నాయన కూర్చుని సంచులు కుట్టేవాడు, తక్కెడ సరిచేసేవాడు, పురుగుపట్టిన పప్పు ఏరించేవాడు. కరువులోనే అంగడి బాగుపడేది. ఈ అణువు చేసే పని కరువొస్తోందని ఒంట్లో పుకారు పుట్టించడం. నిజంగా కరువు రాదు, కాని లోపలివాళ్లు సంచులు కుట్టడం మొదలుపెడతారు. ఆలోచన నాకు భలే నచ్చింది. నచ్చినట్టు కనపడితే ధర దిగదు కాబట్టి ఆవులించాను.

"అయితే వయసు తగ్గుతుందంటావు."

"తగ్గుతుందని నేననలేదన్నా. పెరిగేది నెమ్మదిస్తుందంటాండా."

"అయితే ధర గూడా నెమ్మదించల్ల గదా."

ఈసారి నవ్వాడు. అక్కడ మొదలైన బేరం రెండు టీలు తాగేదాకా నడిచింది. నాలుగు డబ్బాలు తీసుకుంటే ఎంతకిస్తావన్నాను, ఎనిమిదైతేనన్నాను, పదికి రెండు కొసరు వెయ్యమన్నాను. అతను కళ్లు మూసుకొని, నష్టపోయినవాడిలా తల ఊపి, బ్యాగు తెరిచి డబ్బాలు తీయడం మొదలుపెట్టాడు. పద్ధతి అతనికీ తెలుసు. అతను పోయాక గాని నాకు వెలగలేదు. వాడు నాకు రెండు డబ్బాలు అమ్ముదామని వచ్చాడు. నేను బేరమాడి బేరమాడి పన్నెండు కొన్నాను.

మా ఆవిడ ఆ డబ్బాలు చూసింది. "ముసలితనం రాకుండా మందా ఇది?"

"ఆ."

"ఇవన్నీ అమ్ముడుపోయేలోపల నీకే వస్తాది."

ఆమె అన్నట్టే అయింది. నంద్యాలలో దగ్గుకు మందు కొంటారు, నొప్పికి కొంటారు. ఇంకా రాని జబ్బుకు కొనరు. ఒక రైతు డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పి, "ద్రాక్షపండ్లే తింటే పోలే?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పండులో అది బహు తక్కువని, గుళికలో ఉన్నంత కావాలంటే బండెడు తినాలని ఏజెంటు చెప్పిందే చెప్పాను. "బండెడు పండ్లు తిన్నోడు గుళిక లేకున్నా సంతోషంగానే సస్తాడు" అని డబ్బా అక్కడే పెట్టిపోయాడు. నేనే ఒక డబ్బా విప్పి నెలరోజులు మింగాను. అద్దంలో తేడా కనిపించలేదు. లోపల సంచులు కుడుతున్నారేమోలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ నెలలోనే పెద్దాయన వచ్చాడు. ఎప్పటిలా బిళ్ళల ధర దగ్గర మొదలుపెట్టలేదు. స్టూలు మీద కూర్చుని, కుడిచెయ్యి నా బల్లమీద పెట్టాడు.

"చూడు" అన్నాడు.

వేళ్లు సన్నగా అదురుతున్నాయి. చూడాలనుకుంటేనే కనపడేంత.

"పొద్దున్నే ఇట్ల ఉంటాది. టీ తాగినంక తగ్గుతాది. నల్లమల కింద ఊరోళ్లు నందిని అడిగినారప్పా. ఒళ్లంతా అయిపోయినట్టే. మెడలో గంటలపేరు ఉండాది. గంట చిక్కుడు గింజంత ఉంటాది, అట్లాంటివి ముప్పై. ఒక్క దెబ్బ పక్కకు పోతే గంట ఊడి కింద పడతాది, రాయిని మళ్లీ అతికియ్యలేం గదా."

"కొడుకు చెక్కడా?"

"వానికి మిషన్‌తో కోసేది వచ్చు. గంటలు నాయే. ఇంకో రెండేండ్లు ఈ చెయ్యి నా మాట ఇంటే సాలు. ఏమన్నా ఉండాదా నీకాడ?"

ఆయన అడిగింది ఇంతే. ఆ చెయ్యి. నేను ముందు డాక్టరుకు చూపించమన్నాను, ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ నన్ను నేను కొంచెం మెచ్చుకుంటాను. ఆయన విననట్టే నా వెనక అరవైపు చూశాడు. పన్నెండులో మిగిలిన పదకొండు డబ్బాలు ఎర్రగా వరసగా ఉన్నాయి.

"అదేంది?"

చెప్పాను. పుకారు కథ కూడా చెప్పాను. నా పోలిక నాకంత ముద్దు. చేతివణుకుకు ఇది మందని మాత్రం అనలేదు. ఎలుకల మాట చెప్పాను, మనుషుల సంగతి ఇంకా తేలలేదనీ చెప్పాను. అది కూడా, ఇంత నిజాయితీగా చెప్తే నమ్మకం పెరిగి కొంటారన్న లెక్కతోనే చెప్పాను. ఆయన ధర అడిగాడు. నేను చెప్పింది విని స్టూలు మీదనుంచి సగం లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. ఒక పావుగంట మేమిద్దరం బతికినట్టు బతికాము. ఎవరో తలనొప్పి బిళ్ళకు వచ్చి, మా మాటలు వింటూ బిళ్ళ సంగతి మరిచి నిలబడ్డారు.

ధర తెగింది. అప్పుడన్నాడు: "సరేగానీ, నాకు మూడే. ఇది కొత్తగా వస్తే ఒకటి పోవల్ల. ఈ తెల్లది మానేస్తా. ఇప్పుడు తలనొప్పి గూడా లేదు."

నేను విన్నాను. బీపీ బిళ్ళ అంటే తలనొప్పికి కాదని, తలనొప్పి లేకున్నా బీపీ లోపల ఉంటుందని, దాన్ని ఆపకూడదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పొట్లం కట్టినంతసేపు. కాని ఆ మాట చెబితే ఆయన డబ్బా వెనక్కు నెడతాడు. ఇంతసేపు చేసిన బేరం విరుగుతుంది. తర్వాత చెప్దాములే అనుకున్నాను. చేతులు వాటంతట అవే కాగితం చింపాయి. డబ్బా, చక్కెర బిళ్ళలు, మంట బిళ్ళలు పెట్టి చుట్టి, రబ్బరుబ్యాండు వేశాను.

ఆయన నావైపే చూస్తున్నాడు. నేను మాట్లాడలేదు, పొట్లం కట్టాను. మాకిద్దరికీ తెలిసిన భాషలో దానికి ఒకటే అర్థం. మానెయ్, పరవాలేదు.

తర్వాత రెండు నెలలూ వచ్చి, ఒక్కో డబ్బా తీసుకుపోయాడు. రెండుసార్లూ తెల్లవి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. పాత షీట్లు మిగిలుంటాయిలే అని ఒకసారి, ఆళ్లగడ్డలో కొనుక్కుంటున్నాడేమోలే అని ఇంకోసారి నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్క రూపాయి తగ్గించుకోవడానికి బస్సెక్కి వచ్చే మనిషి బీపీ బిళ్ళ మాత్రం అక్కడ పూర్తి ధరకు కొంటాడని నమ్మడానికి ప్రయత్నించాను. మూడో నెల గంటలపేరులో సగం అయిందని, చెయ్యి బాగుందని చెప్పి డబ్బాను మెచ్చుకున్నాడు. నాకు సంతోషం వేసింది. దాచడమెందుకు.

నాలుగో నెలలో ఒక పొద్దున ఆయన కొడుకు జీపులో తండ్రిని నంద్యాల ఆసుపత్రికి తీసుకొచ్చాడు. నాకు కబురు పెడితే అంగడి మూయకుండానే పరుగెత్తాను. మూతి కొంచెం పక్కకు పోయింది. కుడిచెయ్యి మంచంమీద ఎవరో మరిచిపోయి పెట్టిన వస్తువులా ఉంది. డాక్టరు బీపీ పట్టీ విప్పుతూ అడిగాడు: "బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నాడా?"

"రోజూ సార్" అన్నాడు కొడుకు. "మా ఇంటామె చేత్తోనే ఇస్తాది. పొద్దున్నే మూడు. ఒక్కరోజు గూడా తప్పల్యా."

అతను అబద్ధం ఆడలేదు. మూడే. ఆ మాట అక్కడే ఆగిపోయి ఉంటే డాక్టరు ఇంకా పెద్ద మోతాదు రాసేవాడేమో, లేక ఆ బిళ్ళ పనిచెయ్యలేదనుకొని వేరేది మార్చేవాడేమో. ఆ గదిలో నిజం తెలిసింది ఇద్దరికే. ఒకరికి మాట రావడం లేదు.

"మూడింట్లో బీపీది లేదు సార్" అన్నాను. "నాలుగో నెల ఇది ఆపి. దాని బదులు ద్రాక్షతొక్క గుళిక. నేనే అమ్మినా. ఆపుతా అని నాకు చెప్పినాడు."

కొడుకు నావైపు తిరిగాడు. తిట్టుంటే ఎంత బాగుండేదో. డాక్టరు మాత్రం ఊరుకోలేదు. "ఆ గుళిక మంచీ చెయ్యలేదు, చెడూ చెయ్యలేదు. చేసింది నువ్వు. చదువుకున్నావు గదయ్యా" అన్నాడు. గోడకున్న పటం చూస్తూ నిలబడ్డాను.

చిన్న పక్షవాతమే అన్నారు. మూతి సరైంది, మాట వచ్చింది, కాలు నడిచింది. చెయ్యి గిన్నె పట్టుకునేదాకా వచ్చి అక్కడ ఆగింది. ఉలి పట్టుకుంటుంది గాని సుత్తి దెబ్బ పడగానే జారిపోతుంది.

మిగిలిన ఎనిమిది డబ్బాలు అరలోంచి తీసేశాను. ఏజెంటుకు ఫోన్ చేస్తే అతను అప్పటికే కలబంద రసంలోకి మారిపోయాడు. ఆ అణువు సంగతి ఆ తర్వాత కూడా పేపర్లలో చదువుతూనే ఉన్నాను. అది ఎంజైమును నిజంగానే లేపుతుందా, లేక పరీక్షలో కనపడటానికి తగిలించిన మెరిసే రంగువల్ల అలా అనిపించిందా అని శాస్త్రవేత్తలు వాదించుకున్నారట. అంగడి ట్యూబులైటు కింద మెరిసిన చీరను వీధిలోకి తెచ్చి ఎండలో చూసినట్టన్నమాట. కొందరు ఎండలో కూడా కొంచెం మెరుస్తుందనే అన్నారు. అది వాళ్లు తేల్చుకుంటారు. ఆలోచన మీద నాకిప్పటికీ మోజు పోలేదు, ఇలాంటి చిన్న అణువు ఏదో ఒకరోజు నిజంగానే దొరకవచ్చు. నా విషయంలో తేలాల్సింది అది కాదు.

ఆళ్లగడ్డకు పోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. నాయనను చూడటానికి మధ్యలో రెండుసార్లు పోయాను, కాని రెండుసార్లూ కొట్టం ముందునుంచి కాక వెనకసందులోంచి పోయాను. మూడోసారి నాయనే అన్నాడు, "ఆ సందులో బురద. ముందునుంచి పో."

కొట్టంలో రాతిదుమ్ము పొగలా ఉంది. నంది అక్కడే ఉంది. పెద్దాయన దాని పక్కన పీటమీద కూర్చుని, ఎడమచేత్తో ఎర్రసుద్ద పట్టుకొని మెడమీద గుర్తులు గీస్తున్నాడు. గీత వంకరపోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీస్తున్నాడు. కొడుకు అవతలవైపు వంగి ఉలితో చెక్కుతున్నాడు. నన్ను చూసి తల ఎత్తి, మళ్లీ పనిలో పడ్డాడు.

"ఏమప్పా అల్లుడూ, దోవ తెలిసిందా?" అన్నాడు పెద్దాయన.

బస్సులో పలికి చూసుకున్న మాటలేవీ రాలేదు. "మామా, ఆ దినం తెల్లబిళ్ళ మానేస్తా అన్న్యావు గదా. నాకు ఇనపడింది" అన్నాను.

"తెలుసు."

"ఆపద్దని చెప్పల్ల. చెప్పల్యా. బేరం పోతాదని."

"అదీ తెలుసు." సుద్ద కింద పెట్టాడు. "నీకు ఇనపడల్లనే గట్టిగా అన్న్యా. నువ్వు చదువుకున్నోడివి, ప్రమాదమైతే అరుస్తాడులే అనుకున్న్యా. నువ్వు రబ్బరుబ్యాండు ఎతుకుతాంటివి."

ఆయన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో సర్దుకున్నాడు.

"క్షమించు మామా" అన్నాను.

"దాన్నేం చేసుకోవల్ల? యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు. "ఈడికి రా" అని నంది మెడ దగ్గరికి పిలిచాడు. గంటలు వరసగా ఉన్నాయి. ఆయనవి సగం, తర్వాత కొడుకువి. కొడుకు చెక్కినవాటిలో ఆఖరిదాన్ని వేలితో తట్టాడు. "నిన్న చెక్కినాడు. ఎట్లుండాది?"

కొడుకు ఉలి ఆగింది. అతనివైపు చూడకుండా ఉండటానికి నేను చాలా కష్టపడ్డాను. ఐదు నెలలుగా తండ్రి చేతిపని తన చేతికి ఎక్కించుకుంటున్నవాడు. బాగుందంటే ఆ పూటకు ముగ్గురికీ హాయి. వంగి చూశాను, పక్క గంటతో పోల్చి చూశాను, వేలు పెట్టి తడిమాను.

"పెద్దగుంది" అన్నాను. "అంచు గూడా మందమైంది."

"నేనూ అదే అంటాండా పొద్దుట్నుంచి, ఇనడు" అన్నాడు పెద్దాయన.

కొడుకు లేచి ఇటువైపు వచ్చాడు. నన్ను భుజంతో కొంచెం పక్కకు జరిపి, గంటమీద బొటనవేలు పెట్టి అంచు చుట్టూ తిప్పాడు. తర్వాత ఉలి మార్చుకొని, సన్నది తీసుకొని, అంచు దగ్గర ఆనించాడు.

"నిలబడినావేం? ఆ సుద్ద అందుకో" అన్నాడు నాతో పెద్దాయన.